డ్రాగన్ నవల నుంచి నేను కోసేసిన కాగితాలు

ఒక వృద్ధుని మాటలను నేను నాశనం చేశాను. వాటిలో కొన్ని నా జ్ఞాపకంలో మిగిలి ఉన్నాయి. నా వయసులో అవి ఎంతకాలం నిలుస్తాయో చెప్పలేను కనుక ఇప్పుడే రాసి ఉంచుతున్నాను.

ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించిన తరువాత, కన్నడ ప్రాంతంలో మూతపడిన బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గని కార్మికుల వరుస ఇళ్లలో ఒకదానిలో, తెలుగు పఠనాలయం నడుపుతున్నాను. ప్రతి పుస్తకం చివర గీతల కాగితాలు రెండు అతికించి, చదివినవారు తమ అభిప్రాయం రాయాలని నియమం పెట్టాను. ఎనిమిది పంక్తులకు మించరాదు. కథ, భాష, పాత్రల గురించి మాత్రమే రాయాలి. కింద సభ్యత్వ సంఖ్య వేయాలి. ఒకరి అభిప్రాయం కింద మరొకరు జవాబు రాయవచ్చు. నా నియమాలలో పాఠకులు ఇష్టపడింది ఈ చివరిదొక్కటే.

మూడేళ్ల క్రితం ఎవరో ఒక డ్రాగన్ల నవల తెచ్చి ఇచ్చారు. హైస్కూలు వయసు పిల్లల కోసం ఆంగ్లంలో రాసినదానికి తెలుగు అనువాదం. కొండ కింద బంగారు రాశిమీద డ్రాగన్ పడుకొని ఉంటుంది. అది ఒత్తిగిలినప్పుడల్లా పైన ఊరు అదురుతుంది. పదహారేళ్ల అమ్మాయి దాన్ని నిద్రలేపడానికి ఒంటరిగా లోపలికి దిగుతుంది. ఇంతవరకు అట్ట వెనుక చదివి తెలుసుకున్నాను. లోపలి పుటలు తిప్పలేదు. నా వంటివాడు చదవదగినది కాదనుకున్నాను.

ఆ పుస్తకం మాత్రం అలమరలో నిలిచేది కాదు. వేమగల్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె, కంపెనీ బస్సులో చదువుతూ డ్రాగన్ ఏడ్చినచోట తానూ ఏడ్చేసరికి పక్క సీటువాళ్లు నవ్వారని రాసింది. బేతమంగళ నుంచి వచ్చే పట్టు రైతు, అంత పెద్ద జీవి అన్నేళ్లు ఒకేచోట పడుకుంటే పేడ ఎవరు ఎత్తారో రచయిత చెప్పలేదని ఆక్షేపించాడు. ఆ పనికి తమరినే పిలవాలనుకున్నారేమో అని దాని కింద ఎవరో జవాబు రాశారు. ఆ ఆక్షేపణనూ, జవాబునూ ఎర్ర సిరాతో కొట్టివేశాను.

పదో తరగతి చదివే ఒక అమ్మాయి అప్పట్లో మా సభ్యురాలు. బడిలో ఆమెది కన్నడం, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు నా దగ్గరే నేర్చుకుంది. ఆమె తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి, మూసివేసే దాకా గనిలో పనిచేసినవాడు. చదువు రాదు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టి ఉన్నాడు. రోజూ సాయంత్రం ఆమె ఆయనకు ఆ నవల చదివి వినిపించిందట.

నెలాఖరు తనిఖీలో ఆ నవల తెరిస్తే, పాత కాగితాలు నిండిపోయినందుకు నేను కొత్తగా అతికించిన రెండూ, రెండు వైపులా, ఒకే చేతిరాతతో నిండి ఉన్నాయి. సభ్యత్వ సంఖ్య లేదు. చివర ‘మా తాత చెప్పింది’ అని ఉంది. ఒకసారి చదివి, కోపంతో ఆమెను పిలిపించాను.

"ఇది నీ అభిప్రాయమా?"

"కాదు సార్. చదివింది నేను, విన్నది తాత. అభిప్రాయం తాతదే."

"ఇక్కడ చదివినవారికే చోటు. విన్నవారికి లేదు."

"మా తాతకి చదివేదానికి రాదు సార్. ఇంగ యాడ చెప్పుకుంటాడు?"

ఆమె ఎదుటే బ్లేడుతో ఆ కాగితాలు కోసి, వేరేవి అతికించి, సొంత అభిప్రాయం రాయమన్నాను. ఆమె నిలబడే రాసింది: ‘కథ బాగుంది. భాష సరళంగా ఉంది.’ సంఖ్య వేసింది. నేను సరి గుర్తు పెట్టాను.

నెల దాటాక ఆ తాత పోయాడు. కర్మలు ముగిసిన తరువాత ఆమె వచ్చింది.

"ఆ కాగితాలు ఉండాయా సార్?"

అవి అప్పటికే చిత్తుకాగితాల బస్తాలో వెళ్లిపోయాయి. ఆ మాటే చెప్పాను. ఆమె కిటికీ చువ్వ పట్టుకొని చెప్పింది. ఎవరైనా జవాబు రాశారా అని తాత రోజూ అడిగేవాడట. కోసేశారని చెప్పలేక రోజుకొక జవాబు కల్పించి చెప్పేదట.

"నువ్వు చెప్పింది నిజమేనని ఒకాయన రాసినాడు తాతా అంటే, ఎవురబ్బా వాడు, ఏ షాఫ్టులో పని చేసినాడో అడుగు అనేవాడు సార్."

ఆమె వెళ్లాక తలుపు వేసుకొని ఆ నవల మొత్తం చదివాను. ఆయన మాటలకు, పుస్తకానికి సంబంధం లేదని నాలో నేనే తీర్పు చెప్పుకొని ఉన్నాను. చదివితే ప్రతి మాటకూ పుటలో చోటు కనిపించింది. ఆయనకంటే శ్రద్ధగా ఆ నవలను పట్టించుకున్నవారు మా సభ్యులలో లేరు.

నాకు జ్ఞాపకమున్నంతవరకు ఆయన చెప్పింది ఇది. బంగారం అట్లా రాశిగా ఉండదు, రాతిలో దుమ్ములాగా ఉంటుంది, జీవితమంతా తవ్వినా తాను మెరుపు చూడలేదు. డ్రాగన్ ఊపిరి వేడి మాత్రం నిజం, కిందికి పోయేకొద్దీ రాయే కాలుతుంది. అది ఒత్తిగిలే ముందు నిశ్శబ్దమని రాయడం తప్పు, విరిగి మీద పడేముందు రాయి చిటచిటమంటుంది, అది విని తాము పరుగెత్తేవారు. ఒకసారి నలుగురు పరుగెత్తితే ఇద్దరే పైకి వచ్చారు. ఆ తరువాతి మాటలు దాదాపు ఆయనవే:

"ఆ పిల్ల ఒక్కతే దిగిందని రాసినారు. ఒక్కరు దిగేదే లేదప్పా. పైన పేరు రాసుకునేవాళ్లు ఉండాల. దీపం చేతికిచ్చేవాళ్లు ఉండాల. దీపం తిరిగి రాకుంటే యాడ పోయినాడని అడిగేవాళ్లు ఉండాల. ఈ కథలో పైన ఎవురూ లేరు."

ఇంకా ఉంది. రెండో కాగితం వెనుక భాగంలో ఏముందో ఎంత ప్రయత్నించినా నాకు గుర్తు రావడం లేదు. ఆ అమ్మాయి ఇప్పటికీ వస్తుంది, పుస్తకాలు గడువులోగా తిరిగి ఇస్తుంది, ఏ పుస్తకంలోనూ అభిప్రాయం రాయదు. ఆమెను అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నేను కోయకముందు రెండు వారాలపాటు ఆ కాగితాలు పుస్తకంలోనే ఉన్నాయి. ఆ వ్యవధిలో నవల తీసుకెళ్లినవారు ఇద్దరో ముగ్గురో ఉండాలి; ఆ ఏటి రిజిస్టరు ఇప్పుడు నా దగ్గర లేదు. వారు ఇది చదివితే, ఆ వెనుక భాగంలో ఉన్నది నాకు చెప్పవలసిందిగా కోరుతున్నాను. పరుగెత్తినవారు నలుగురని రాశాను, ఐదుగురేమో. పైకి వచ్చిన ఇద్దరిలో ఆయన ఒకరో, లేక ఆయన కాక ఇద్దరో కూడా నాకు నిశ్చయం లేదు. తప్పయితే దయచేసి దిద్దండి.