వీణ కడుపులో పాస్‌వర్డు

నన్ను తెలివైనవాడు అనుకునేవాళ్ళు బొబ్బిలిలో ఇంకా ఒకరిద్దరు మిగిలారని విన్నాను. ఇది చదివాక వాళ్ళూ మిగలరు. ఒక పాస్‌వర్డును దొంగలకు దొరక్కుండా దాచబోయి, చివరికి దాన్ని ఓ గదినిండా పిల్లల చేత పాఠంలాగా పాడించిన ఘనుణ్ణి నేను. అదీ ఎవరి చెవిన పడకూడదో సరిగ్గా ఆయన ముందు.

మొదట నా అర్హతలు చెప్పాలి. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. ఆయన నన్ను కొట్టడం మానేస్తాడు, నేను బడికి రావడం మానేస్తాను. ఇద్దరం మాట మీద నిలబడ్డాం. తర్వాత వీణలు చేసే ఇంటికి ఇల్లరికం వెళ్ళి, మా మావ అప్పలస్వామి దగ్గర పనస దుంగలు తొలవడం నేర్చుకున్నాను. మావ పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఖర్చు గురించి చెప్పడానికి మాత్రం అసలేమీ ఉండదు. ఎందుకంటే ఆయన ఖర్చు పెట్టడు.

మా అమ్మాయి లావణ్య పది పాసై పాలిటెక్నిక్‌లో చేరతానంది. సీటు కోసం కంప్యూటర్లో పేరు నమోదు చెయ్యాలి, దానికో పాస్‌వర్డు పెట్టాలి. సరిగ్గా అప్పుడే మా వీధిలో ఒకాయన ఫోన్లో ఎవరికో ఏదో నంబరు చెప్పి మోసపోయాడు. దాంతో నాలో పడుకున్న పోలీసు లేచి కూర్చున్నాడు.

"పాస్‌వర్డు నానే ఎడతాను, నానే దాస్తాను. నీక్కూడా సెప్పను" అన్నాను.

"నాన్నా, దానికో యాప్ ఉంటాది. పాస్‌వర్డులన్నీ దాంట్లో ఎట్టేసి, ఒక్కటి గుర్తెట్టుకుంటే సాలు" అంది లావణ్య.

"తాళాలన్నీ ఒక పెట్టిలో ఏసి, ఆ పెట్టి మొకం తెలీనోడికి అప్పసెప్పాలా. బాగున్నాదే నీ సదువు."

"పోనీ నాకు సెప్పు బావా. నాను మర్సిపోను" అంది నా భార్య సత్యవతి.

అది నిజమే. మా పెళ్ళిలో మా పెదనాన్న అన్న మాటను ఆవిడ ఇప్పటికీ పొల్లు పోకుండా, ఆయన గొంతుతోనే చెబుతుంది. అంతటి జ్ఞాపకశక్తి చేతికి ఇంకో ఆయుధం ఇస్తానా?

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ఆ ఉదయమే నాకూ మావకూ గొడవైంది. పనిగదికి ఫ్యాను పెట్టిద్దామని నేనంటే, ఆయన పాత కేలండరొకటి చేతికిచ్చి విసురుకోమన్నాడు. ఆ ఉక్కలో, ఆ కోపంలో పుట్టిన పాస్‌వర్డు అది.

సరే, ఎక్కడ రాయాలి? గోడ మీద రాస్తే ఎవరో ఒకరు సున్నం కొడతారు. కాగితం మీద రాస్తే సత్యవతి దాంట్లో పోపు దినుసులు కడుతుంది. పనిగది మూలలో ఒక వీణ కుండ, అదే వీణకు బొజ్జలాంటి భాగం, పడి ఉంది. లోపలంతా తొలిచి, పై పలక బిగించకుండా ఎప్పుడో వదిలేసినది. దాని కడుపులో నల్ల మార్కరుతో రాసేశాను. వీణలో వెతికే దొంగ ఇంకా పుట్టలేదు. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? మోసగాళ్ళు ఫోన్ చేస్తారేమోనని, నమోదప్పుడిచ్చిన నంబరు తాలూకు సిమ్ముకార్డు విరిచి వేగావతి ఏటిలో కలిపేశాను. కలిపేసి, వీణల దుకాణం పెట్టడానికి హైదరాబాదులో చేతిపనుల ప్రదర్శనకి వెళ్ళిపోయాను.

తిరిగొచ్చేసరికి మూల ఖాళీగా ఉంది.

"మావా, ఇక్కడి కుండేది?"

"ఎన్నాళ్ళని పడుంటాది? పలకేసి, మెట్లెక్కించి, ఇజీనారంలో కమలమ్మ టీచరికి ఇచ్చీసినాను. పనికిరాదని నువ్వొగ్గేసిన సెక్కే. ఎలగ పలికిందో ఇంటే సిగ్గుపడిపోతావు."

నేను అప్పటికే సిగ్గుపడడానికి తయారుగా ఉన్నాను. అంతలో లావణ్య వచ్చింది.

"నాన్నా, కాలేజీలు ఎంచుకోడానికి ఇయ్యాలే ఆకరు. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. పాస్‌వర్డు సెప్పు."

"మర్సిపోయినామని నొక్కితే ఏటవుతాది?"

"నువ్విచ్చిన నంబరుకి ఓటీపీ వస్తాది."

వస్తే వేగావతిలో చేపలకు రావాలి. గుర్తు తెచ్చుకుందామంటే, మావను తిట్టానని గుర్తుంది, ఏమని తిట్టానో గుర్తు లేదు. ఇన్నేళ్ళలో మనసులో ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానని ఇది తేలుతుంది? ఈసారి సీటు తప్పితే పిల్ల ఏడాది ఇంట్లో కూర్చోవాలి. లావణ్యను నెట్ సెంటర్‌కి పంపి, బండి తీశాను.

"ఎక్కడికిరా?" అన్నాడు మావ.

నిజం ఎలా చెప్పను? "ఆ వీణలో పురుగున్నాదేమోనని అనుమానం మావా. ఒకపాలి సూసొస్తాను."

"నాను సేసిన వీణలో పురుగా?" అని, ఉలి సంచి భుజాన వేసుకుని వెనకాల ఎక్కేశాడు.

దారిపొడుగునా విచారణే.

"ఏ పురుగురా, తెల్లదా, నల్లదా?"

"నల్లది మావా."

"ఒకటేనా?"

"ఓ పన్నెండు, పద్నాలుగుంటాయి."

"ఎక్కడున్నాయి?"

"కుండ లోపల. వరసగా."

"వరసగా నిలబడ్డానికి పురుగులా, రేషను దుకాణానికొచ్చిన జనాలా?"

విజయనగరంలో కమలమ్మ టీచరు పిల్లలకు పాఠం చెబుతోంది. మా మాట వినగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"ఎంత ఇష్టపడి తీసుకున్నానండీ. పురుగు పట్టిన వీణ నాకొద్దు, పట్టుకెళ్ళిపోండి."

మావ డాక్టరులా వీణ కుండకు చెవి ఆనించాడు. "ఏటీ ఇనబడ్డం లేదు. పలక ఇప్పి సూపిస్తాను తల్లీ. పురుగే ఉంటే ఇయ్యాల్టితో ఈ పని మానేస్తాను" అని ఉలి తీసి పలక అంచున పెట్టాడు. టీచరమ్మ చంటిపిల్లను కాచుకున్నట్టు వీణ మీద పడిపోయింది.

అప్పుడే నా ఫోను మోగింది.

"నాన్నా, నాలుగు దాటిపోయింది. నా పక్కనోళ్ళందరూ పెట్టేసుకుని ఎల్లిపోతన్నారు."

ఇక నా పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు అనిపించింది. "ఆ ఉలి దించు మావా. లోపల పురుగు లేదు. మన గుంట లావణ్య సీటున్నాది" అన్నాను.

ఏం రాశానన్నది తప్ప అంతా చెప్పాను. టీచరమ్మ నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకుని కళ్ళజోడు పెట్టుకుంది. పలక మీద రెండు పక్కలా సన్నటి రంధ్రాలుంటాయి. నేను ఒక పక్కనుంచి ఫోను టార్చి కొట్టాను, ఆవిడ రెండో పక్కన కన్ను ఆనించింది. ఒకసారికి ఒక్క అక్షరమే కనిపిస్తోంది. మావ వీణ పట్టుకుని కొంచెం కొంచెం తిప్పుతున్నాడు.

"పెద్ద ఎమ్" అంది టీచరమ్మ.

"పెద్ద ఎమ్" అన్నారు పిల్లలందరూ. ఆవిడేమన్నా తిరిగి అనడం వాళ్ళకు అలవాటు.

"ఏ. వీ. ఏ."

"ఏ. వీ. ఏ."

మావ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఊళ్ళకు పంపే వీణల పెట్టెల మీద ఇంగ్లీషులో చిరునామాలు రాసేది ఆయనే. అక్షరాలు కూడబలుక్కోవడం ఆయనకు బాగా వచ్చు. నాకు కోపం గుర్తొచ్చింది, కేలండరు గుర్తొచ్చింది, మిగతా అక్షరాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేశాయి.

"సాలమ్మా, గుర్తొచ్చేసింది. పిల్లల్ని ఇంటికి పంపించీండి."

"ఒక్కటి తప్పినా కష్టం, ఉండండి. పెద్ద పీ. ఐ. ఎస్. ఐ."

పిల్లలు అందుకున్నారు. ఒక పిల్లయితే తొడ మీద తాళం కూడా వేసింది.

"ఎన్. ఏ. ఆర్. ఐ. సున్న చుట్టిన ఏ. ఒకటి."

"మావ... పిసినారి..." అని మావ పెదవులు కదిలాయి. గదిలో వెలుగుతున్నది టార్చి ఒక్కటే, నా మొహం ఆరిపోయింది. ఆయన వీణను మెల్లగా కింద పెట్టి, నా చేతిలో ఫోను లాక్కుని లావణ్యకు చేశాడు.

"రాసుకోయే లావణ్యా. పెద్ద ఎమ్. ఏ..." ఒక్క అక్షరం వదలకుండా, తడబడకుండా మొత్తం చెప్పాడు.

"తాతా, ఇదేటి, ఇలగొస్తన్నాది?"

"మీ అయ్య నాకిచ్చిన బిరుదులే. నువ్వు నొక్కు ముందు."

అవతల టకటకా నొక్కిన చప్పుడైంది.

"తెరుసుకుంది తాతా."

ఆ మాటకు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. మావ కూడా కొట్టాడు.

తర్వాత లావణ్యకు విజయనగరంలోనే సీటొచ్చింది. పాస్‌వర్డులన్నీ ఇప్పుడు అది చెప్పిన యాప్‌లోనే ఉన్నాయి. కాని ఆ రోజు తిరుగుదారిలో మావ ఉలి సంచి ఒళ్ళో పెట్టుకుని బిర్రబిగుసుకు కూర్చున్నాడు. గజపతినగరం దగ్గర బండి ఆపమన్నాడు. రెండు పెద్ద టీలు, రెండు బన్నులు, పైన నాలుగు గారెలు తెప్పించాడు. ఆయన అంత తెప్పించడం నేనెప్పుడూ చూడలేదు. మనసు కరిగిందనుకుని, నేనూ కళ్ళు తుడుచుకుని తిన్నాను.

తిన్నాక మూతి తుడుచుకుని లేచాడు. "డబ్బులియ్యి అల్లుడూ."

"నువ్వే కదా సెప్పినావు మావా."

"పిసినారోడు డబ్బులిస్తే బిరుదుకి మచ్చ రాదేటిరా?"

అప్పటినుంచి ఆ బిరుదుకు మచ్చ రాకుండా నేనే కాపాడుతున్నాను, ప్రతి టీ దుకాణం దగ్గరా. అందుచేత పనస చెక్క మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. అమ్ముడుపోయే వస్తువులో ఇకపై ఏ రహస్యమూ దాచను. పాస్‌వర్డులోకి చుట్టాలను తీసుకురాను. తప్పక తేవలసి వస్తే మావను దానకర్ణుడని రాస్తాను. ఆయన చదివి, ఆ బిరుదైనా నిలబెట్టుకుంటాడేమో చూడాలి.