చూరులోని ఈక

మూడు రోజులుగా ఆ పిల్ల నోరు తెరిచే ఉంది. కోడిపిల్ల, నా అరచేతిలో పట్టేంత ఉంటుంది. మెడ నిటారుగా సాచి, ముక్కు పైకెత్తి, గాలిని కొరికి మింగుతున్నట్టు ఒక్కొక్క ఊపిరే తీసుకునేది. తీసుకున్నప్పుడల్లా లోపల సన్నగా గురగుర. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. మా ఆయన ఆఖరి వారమంతా అదే చప్పుడు మా ఇంట్లో విన్నాను. అప్పుడు వీపు నిమరడం తప్ప నా చేతులకు వేరే పని లేకపోయింది.

పోతే ఇంకో పిల్లను తెచ్చుకోవచ్చు అనేవాళ్ళు ఉన్నారు. తెచ్చుకోవచ్చు. కానీ మా ఆయన మారండహళ్ళి సంత నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మచ్చల పెట్ట ఒకటుండేది. దాని వంశంలో మిగిలింది ఇదొక్కటే. ఎండాకాలం రోగం వచ్చి పెద్దవన్నీ పోయాయి. ఒక్క పెట్ట మిగిలి, పొదిగి, పిల్లలతో తిరుగుతుంటే కుక్క పట్టింది. గద్దకు పోయిన పిల్లలు పోగా ఇది నిలిచింది. మెడ మీద అవే మచ్చలు.

జలుబు అనుకున్నాను. మా ఇళ్ళలో పసిబిడ్డకు జలుబు చేస్తే ఏం చేస్తామో అదే చేశాను. వేడినీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడిచి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పొగ మీద పట్టుకున్నాను. పొద్దునా, సాయంత్రమూ. నా కూతురిని అలాగే పెంచాను. పొగ తగలగానే పిల్ల కళ్ళు మూసుకునేది. హాయిగా ఉందనుకున్నాను. మూడో రోజు పొద్దున గంప ఎత్తి చూస్తే కీచుమనడం కూడా మానేసింది. నోరు తెరుస్తుంది, గొంతు రాదు. నూకలు వేస్తే వాటివైపు చూడలేదు. రెక్కలు కిందికి జారిపోయాయి.

ఆ రోజు ఆదివారం. పశువుల ఆస్పత్రి తలుపు తెరవరు. హరూరులో ఉన్న మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, ఫోన్ చేశాను. ఆమె కోళ్ళ మధ్యే పెరిగిన మనిషి. నోరు మంచిది కాదు. అయినా చేసి, జరిగిందంతా చెప్పాను. సాంబ్రాణి మాట రాగానే ఆపింది.

“పొగ పట్టినావా? బొట్టు పెట్టి ఊయల్లో కూడా ఏసుండాల్సింది గదమ్మే.”

ఫోన్ పిల్ల దగ్గర పెట్టమంది. పెట్టాను. ఆ గురగుర వింది. తర్వాత ఆమె గొంతు మారింది. అది జలుబు కాదు, గాలి గొట్టంలో పురుగులు పట్టాయి, పొగతో నువ్వు ఇంకా బిగించావు, మధ్యాహ్నం దాకా నిలవదు అంది. బస్సెక్కి రమ్మని బతిమాలాను. తను వచ్చేలోపు పూడ్చుకోవాల్సి వస్తుందని, ఆ పురుగులను నన్నే తియ్యమంది.

“మా యమ్మ చూర్లో పెట్టిన ఈక ఉండాది గదా, అది తియ్యి.”

ఉంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ వాకిలి పైన, పెంకుల కింద ఆ ఈక ఉంది. పొడుగ్గా, సన్నగా, కొసన కాస్త కుచ్చు వదిలి మిగతాదంతా గీకేసిన ఈక. మా అత్త ఎందుకు పెట్టిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. దిష్టికి అనుకున్నాను. అత్త పోయాక ప్రతి శుక్రవారం స్టూలెక్కి దానికి పసుపూ కుంకుమా పెడుతూ వచ్చాను. ఆయన పోయాక కూడా మానలేదు. పిల్ల మూడు రోజులు ఊపిరాడక కొట్టుకున్నది సరిగ్గా దాని కిందే. ఈక తీస్తూ, కుంకుమ మాట వదినకు చెప్పాను.

“కుంకం పెట్టినావా? అది గొంతులో పెట్టే ఈక మే. కడుక్కో ముందు.”

కడిగి, కొసన వేపనూనె అద్దాను. ఫోన్ రుబ్బురోలు మీద పెట్టి స్పీకర్ నొక్కాను. పిల్లను కొంగులో చుట్టి మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో ముక్కు తెరిచాను. నాలుక వెనక చిన్న రంధ్రం. ఊపిరి తీసినప్పుడు తెరుచుకుంటుంది, వెంటనే మూసుకుంటుంది. తెరుచుకున్నప్పుడే ఈక పోవాలి. తప్పితే తిండి దారిలో పోతుంది. ఎక్కువసేపు ఉంచితే ఊపిరాడక చస్తుంది. వదిన ఇదంతా ఒక్కసారే చెప్పింది.

రెండుసార్లు తప్పింది. రెండోసారికి పిల్ల మెడ మెత్తగా వాలిపోయింది.

“వదినా, తల ఏలాడేసింది.”

“ఏడ్చేది తర్వాత. గొంతులో బొక్క మూసిందా, తెరిచిందా?”

“తెరిచే ఉండాది.”

“అయితే పెట్టు. పెట్టి తిప్పు. ఒగటి, రెండు, మూడు. లాగెయ్.”

లాగాను. ఈక కొసకు చుట్టుకుని, నెత్తుటి జిగటలో ఎర్రటి దారప్పోగుల్లాంటివి వచ్చాయి. కదులుతున్నాయి. రాతి మీద రుద్దేశాను. పిల్ల మాత్రం కదల్లేదు. ఏమైందని వదిన అడుగుతూనే ఉంది. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి, వీపు మీద వేలితో తట్టాను. పుట్టి ఏడవని బిడ్డకు మంత్రసాని అలా చేయడం నేను చూశాను. తట్టాను, మళ్ళీ తట్టాను.

తుమ్మింది. ఇంకో ఎర్ర పోగు బయటపడింది. పిల్ల నోరు మూసుకుంది. ముక్కుతో ఊపిరి తీసింది, చప్పుడు లేకుండా. చాలాసేపటికి సన్నగా కీచుమంది.

ఫోన్లో వదినకు అది వినిపించింది. బతికిందని అప్పుడే అనుకోవద్దని, తెల్లారి ఆస్పత్రిలో పురుగుల మందు అడిగి పొయ్యమని, పురుగులు పట్టేది అక్కడే కాబట్టి చెత్తకుప్ప వైపు పోనివ్వద్దని చెప్పింది.

“మా తమ్ముని కోడి మే అది. బద్రంగా చూసుకో” అని పెట్టేసింది.

సాంబ్రాణి నిప్పుల మీద నీళ్ళు పోశాను. ఈకను వేడినీళ్ళలో కడిగి ఎండబెట్టి చూరులో పెట్టాను. తెల్లారి మందు తెచ్చి పోశాను. అయినా నాలుగు రోజులు, గంప ఎత్తే ముందు ప్రతిసారీ చెవి పెట్టి విన్నాను.

శుక్రవారం కూతురు వచ్చింది. పిల్ల ముంగిట్లో నూకలు ఏరుకుంటోంది. కూతురు చూరుకేసి చూసి, ఈకకు కుంకుమ పెట్టలేదేమని అడిగింది. స్టూలెక్కి ఈక తీసి దాని చేతిలో పెట్టాను. కోడిపిల్లను పట్టుకుని రమ్మన్నాను, నోరు తెరిచి, ఈక పోవాల్సిన దారి చూపించడానికి.