ఎంత తెచ్చుకున్నారని అడిగితే

కెనడాలో స్థిరపడటానికి విమానం దిగాం. ధవళేశ్వరం ఆనకట్టంత పొడవైన బల్ల వెనక నుంచి అధికారి అడిగాడు: “ఇక్కడ బతకడానికి ఎంత సొమ్ము తెచ్చుకున్నారు?”

కొత్తపేటలో పుట్టినవాణ్ణి. ఉన్నదెంతో పైకి చెబితే దిష్టి తగలదూ! చేతులు కట్టుకుని, ఇంగ్లీషులోనే, “మా దగ్గరేముంటుందండీ, ఏదో మీ దయ” అన్నాను.

ఆయన కలం ఆగిపోయింది. సొమ్ము లేనివాళ్ళని వెనక్కి పంపేస్తారు మరి!

“మీ మర్యాద తగలెయ్య!” అంటూ మా ఆవిడ బ్యాంకు కాగితం తీసి బల్లమీద పెట్టింది. “మావైపు అంతేనండీ. ఉన్నా లేదంటారు” అంది అధికారితో.

అధికారి అంకెలు చూసి, విమానాశ్రయం అదిరేలా నవ్వాడు. “మా అమ్మమ్మా అంతే. పిండిడబ్బా నిండా నోట్లు దాచి, చిల్లిగవ్వ లేదనేది” అంటూ ముద్ర కొట్టాడు.

నా బెంగంతా అక్కడే దిగిపోయింది. “అమ్మమ్మగారిది ఏ ఊరండీ?” అన్నాను.