వేలిముద్ర పెట్టనన్న రోజు

మా చర్చిలో ఆడవాళ్లం రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కకు తీసిపెట్టేవాళ్లం. ఆదివారం ఆ బియ్యమంతా కలిపి అమ్మి, వచ్చిన డబ్బుతో కాలేజీ పిల్లలకు ఫీజులు కట్టేవాళ్లం. డబ్బు నా పేరున బొల్లారం బజారులోని బ్యాంకులో ఉండేది. ముప్పై ఏళ్లు ఒక బడిలో ఆయాగా చేశాను, ఎవరి రూపాయీ ముట్టలేదు. చదువు రాదని తెలిసే నన్ను నమ్మారు.

శనివారం సాయంత్రాలు ఆ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి గట్టిగానే అడిగేదాన్ని. బస్‌పాస్ పోగా ఎంత మిగిలింది, ఎవరి దగ్గర మిత్తికి అప్పు తెచ్చావు, పాత ఫోను పనిచేస్తుండగా వాయిదాల మీద కొత్తది ఎందుకు కొన్నావు. ఏడ్చినా వదిలేదాన్ని కాదు. నా కంటే మిత్తికిచ్చే సేటే నయమన్నాడట ఒకడు. ఆ సంగతి తెలిసీ వాడి ఫీజు కట్టాను.

వాళ్లలో ఒక పిల్ల, గోడలకు రంగులేసే ఆయన కూతురు, నాకు అక్షరాలు నేర్పింది. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. అందరూ వెళ్లాక పాటల పుస్తకం తెరిచి, నా వేలు పట్టుకుని అక్షరం మీద పెట్టి పలికించేది. రెండేళ్లు పట్టింది. నా పేరు నేను తప్పులేకుండా రాసిన రోజు ఆ పిల్ల నాకంటే ఎక్కువ సంబరపడింది.

"ఇగ యాడా వేలిముద్ర పెట్టకు పెద్దమ్మా. పెట్టమంటే లేచి వచ్చెయ్" అంది.

దాన్ని నేను ఒట్టులాగా పట్టుకున్నాను.

డిగ్రీ అయ్యాక ఆ పిల్లకు బీఎడ్‌లో సీటు వచ్చింది. టీచరు కావాలని చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టు. గడువులోగా ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సగం ఇంటివాళ్లు తెస్తేనే మిగతా సగం మేమిస్తామన్నది నేను పెట్టిన నియమమే. వాళ్ల నాన్న ఆ సగం తెచ్చేసరికి గడువు ఒక్కరోజుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. అక్షరాలు వచ్చాక డబ్బు తీయడం అదే మొదలు. ఫారం నేనే నింపి కింద సంతకం పెట్టాను. కౌంటర్‌లో ఉన్నాయన చూసి, ఇది వేలిముద్ర ఖాతా, సంతకం చెల్లదన్నాడు. ఇవాళ్టికి వేలు పెట్టి డబ్బు తీసుకోండి, సంతకానికి తర్వాత దరఖాస్తు ఇవ్వండి అన్నాడు. మర్యాదగానే చెప్పి, సిరాడబ్బా నా ముందుకు జరిపాడు.

పెట్టనన్నాను. పోయి బెంచీ మీద కూర్చున్నాను. కూర్చుంటే వాళ్లే దిగివస్తారనుకున్నాను. మేనేజరు వచ్చి నచ్చజెప్పాడు, వినలేదు. వరుసలో ఎవరో నవ్వారు, ఇంకా బిగుసుకున్నాను. గంట గడిచింది, రెండు గడిచాయి, మధ్యాహ్నం దాటింది.

ఆ పిల్ల పక్కన కూర్చుని మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, గీ ఒక్కసారి పెట్టు. నా కోసం."

"నువ్వే వద్దంటివి గద. ఇప్పుడు నీ పని పడ్డదని పెట్టమంటున్నవా?"

ఆ పిల్ల గోడ గడియారం వైపే చూస్తూ కూర్చుంది. కౌంటర్ మూస్తుంటే నేను లేచి, సరే పెడతానన్నాను. నగదు లెక్క కట్టేశామన్నారు.

సీటు పోయింది. చర్చిలో అందరూ బ్యాంకువాళ్లనే తిట్టారు. వాళ్లతో కలిసి నేనూ తిట్టాను. ఆ పిల్ల బేగంపేటలో ఒక ఆఫీసులో ఫోన్లెత్తే పనికి చేరింది. మరుసటి ఏడు మళ్లీ బీఎడ్ ప్రవేశ పరీక్ష రాయమని నేను అడిగితే, తమ్ముడు కాలేజీలో చేరాడు, ఇంక నాకెక్కడ కుదురుతుందంది. వాడి ఫీజులో ఇంటి సగం తన జీతంలోంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నాను. నియమం నాదే కదా.

ఒక సంగతి మాత్రం ఆ పిల్లకు ఇప్పటిదాకా చెప్పలేదు. సీటు పోయిన వారమే నేను ఖాతాను సంతకానికి మార్పించుకోవడానికి బ్యాంకుకు వెళ్లాను. రెండు ఫోటోలు, ఒక సాక్షి అడిగారు. దరఖాస్తు కింద పాత గుర్తు కూడా ఉండాలన్నారు. కౌంటర్‌లో ఆయనే, సిరాడబ్బా అదే. నేను మారుమాట్లాడకుండా బొటనవేలు అద్ది పెట్టాను.