కొసరు తీసేసిన పికప్

ఇంజనీరింగ్ మూడో ఏడులో ఉండగా నా గిటార్ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది. రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్లు అయిందేమో. పటమటలో మా డ్రమ్మర్ వాళ్ల డాబా మీద రేకుల గదిలో మా బ్యాండు ప్రాక్టీసు చేసేది. మేం నలుగురం. వాయించేది మెటల్ రాక్. మా ఇంట్లో దానికి పెట్టిన పేరు రైసుమిల్లు.

ఆరోజు పాట మధ్యలో పాడేవాడు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. బ్యాండు పెత్తనమంతా వాడిదే.

"నువ్వు వాయించేది నీకైనా వినపడుతోందా?" అన్నాడు.

"ఎందుకు వినపడదు? వీధి చివరిదాకా వినపడుతోంది" అన్నాను.

"అదేగా బాధ. వీధి చివరిదాకా వినపడుతోంది, ఏం వాయిస్తున్నావో మాత్రం ఎవరికీ తెలీట్లేదు."

అందరూ నవ్వారు. డ్రమ్మర్ కూడా నవ్వాడు, నా స్నేహితుడై ఉండి. వాడి నవ్వే నాకు ఎక్కువ మండింది.

కోపం ఎంత వచ్చినా పాడేవాడు అన్నది నిజమే. నా గిటార్ చౌకరకం. తీగల కింద ఉండే పికప్ అనే భాగం తీగల కదలికని కరెంటుగా మార్చి మోత పెంచే యాంప్‌కి పంపుతుంది. నా పికప్ బలహీనం. ఆ లోటు కప్పిపుచ్చడానికి నేను శబ్దాన్ని అరుపుగా మార్చే డిస్టార్షన్ పెడల్‌ని చివరికంటా తిప్పేసేదాన్ని. దాంతో వేగంగా కొట్టిన ప్రతి దెబ్బా పక్కదాంట్లో కలిసిపోయి ముద్ద అయ్యేది.

పాడేవాడు తీర్పు చెప్పేశాడు. మా సీనియర్ ఒకతనికి వాళ్ల మేనమామ దుబాయ్ నుంచి మంచి గిటార్ తెచ్చాడు. మూడు వారాల తర్వాత ఆదివారం అతనూ నేనూ ఒకే పాట వాయించాలి. ఎవరిది బాగుంటే కాలేజీ ఫెస్ట్‌లో లీడ్ గిటార్ వాళ్లది.

"నీది కాకపోతే కీబోర్డ్ చూసుకుందువుగాని" అని అభయం కూడా ఇచ్చాడు.

ఆడపిల్ల అనగానే కీబోర్డో కోరస్సో చేతిలో పెట్టేస్తారు. నేను రెండేళ్లు వేళ్లు కాయలు కాచేలా సాధన చేసింది అందుకు కాదు. ఆ మూడు వారాలూ నాకు వేరే ధ్యాస లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చుని దొరికిందల్లా చదివాను. మెటల్ వాయించేవాళ్లలో సగం మంది బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ పికప్పే దిక్కన్నారు. అది మన ఊళ్లో కళ్లతో చూసినవాళ్లు కూడా లేరు. రెండోరకం పాసివ్, నా గిటార్లో ఉన్నదీ అదే. బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. ఒక అయస్కాంతం, దాని మీద పక్కపక్కన రెండు కాయిల్స్, అంతే. ఏ పేజీలోనో దాన్ని విప్పి తీసిన ఫోటో కనిపించగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అది నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన వస్తువే. మా పొలంలో మోటారు కాలిపోయినప్పుడల్లా నాన్న దాన్ని విజయవాడ పట్టుకెళ్లి చుట్టించుకొచ్చేది ఇలాంటి తీగే.

మర్నాడే ఆటోనగర్ వెళ్లాను. మా మోటార్లు చుట్టే మేస్త్రీ గారు పొడుగ్గా, తెల్లగడ్డంతో ఉండి, ఎప్పుడూ వార్నిష్ వాసన వేస్తుండేవారు. లారీ డైనమోల దగ్గర్నుంచి గడియారం కాయిల్ దాకా ఏదైనా చుడతారు. ఆయనకి ఒక పేరుంది. అడిగినదాని మీద కొసరు వెయ్యకుండా ఆయన వస్తువు చేతికివ్వరు. మోటారుకి వార్నిష్ ఒక పూత అంటే రెండు పూస్తారు. అందుకే నాన్న అంత దూరం నుంచీ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లేవాడు.

నా పికప్ తీసి ఆయన అరచేతిలో పెట్టాను. కళ్లజోడు పైకి నెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు.

"దీంతో పాట వస్తదా అమ్మా?"

"పాట కాదండీ, పిడుగు పడాలి" అన్నాను. "ఒక్కో కాయిల్ మీద పాత లెక్కకన్నా ఐదొందల చుట్లు ఎక్కువ వెయ్యండి. మీరు ఎంత తీగ పట్టిస్తే అంత బలం."

"అయస్కాంతం గట్టిదే, మార్చక్కర్లేదు" అన్నారు. పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకున్నారు. జుట్టుకన్నా సన్నటి తీగ రీలు ఒకటి ఎక్కణ్నుంచో తీశారు. చుట్టే మిషను పిడి తిప్పుతుంటే కౌంటర్లో అంకెలు పరిగెత్తాయి. పాత లెక్క దాటింది. నేను అడిగిన లెక్కా దాటింది. ఆయన ఆగలేదు.

"ఇది నా కొసరు. ఒక్కో కాయిల్‌కి ఇంకో వెయ్యి" అని నవ్వారు. నాకు కళ్లనీళ్లు తిరిగినంత పనయింది. నా గెలుపు అక్కడే రాసిపెట్టేసినట్టు నేను అద్దెకుండే గదికెళ్లాను.

బిగించి యాంప్‌కి కలిపి కొట్టాను. మోత రెట్టింపయింది. ముద్ద మూడింతలయింది. అరచేతి అంచు తీగల మీద ఆనించి టకటకా కొడితే మెటల్‌లో కొట్టిన దెబ్బ కొట్టినట్టు విడిగా పడాలి. నాది దుప్పటి కప్పుకుని అరుస్తున్నట్టుంది. గంటసేపు అన్ని బటన్లూ తిప్పి, గిటార్ మంచమ్మీద పడేసి ఏడ్చాను. పది రోజులే మిగిలాయి.

మళ్లీ నెట్ సెంటర్‌కి పరిగెత్తితే, నేను ముందు చదవకుండా దాటేసిన పేజీలోనే జవాబు ఉంది. చుట్లు పెరిగేకొద్దీ మోత పెరుగుతుంది, పదును తగ్గుతుంది. అరిచే పని పెడల్ చూసుకుంటుంది, దెబ్బని దెబ్బనుంచి విడదీసే పని పికప్‌ది. పెద్ద అంకె కనిపిస్తే చాలు అదే మంచిదనుకోవడం నా బుద్ధి. దానికి మేస్త్రీ గారి ప్రేమ తోడయింది. ఇద్దరం కలిసి దాన్ని ముంచేశాం.

ఆ మాట ఆయనకి నెమ్మదిగా చెప్పాల్సింది. నా నోరు అలాంటిది కాదు.

"మీ కొసరే నా కొంప ముంచిందండీ. తీసెయ్యండి" అన్నాను షాపులో అడుగుపెడుతూనే.

ఆయన చేతిలో పని ఆగిపోయింది.

"ముప్పయ్యేళ్ల నుంచి చుడతన్నానమ్మా. నేనేసిన కొసరు తీసెయ్యమన్నోళ్లు ఇంతవరకూ లేరు" అన్నారు. ఆ మాట మెల్లగానే అన్నారు. అరిచి ఉంటే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదు. తర్వాత నమాజుకి టైమైందని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు యాంప్‌నీ గిటార్‌నీ ఆటోలో వేసుకుని వెళ్లాను. ముందు క్షమాపణ అడిగాను. తర్వాత, మాటలతో చెప్పడం నాకు చేతకాదని తెలిసి, చెప్పులు విడిచి ఆ సిమెంటు గచ్చు మీద అడుగులు వేశాను. మా ఊరు కూచిపూడికి సైకిలు దూరం. ఎనిమిదో తరగతిదాకా అక్కడ డాన్సు నేర్చుకున్నాను. మా మాస్టారు కర్రతో తాళం వేస్తూ, "గట్టిగా కొట్టమన్నానా? విడిగా కొట్టమన్నాను!" అని ఎన్నిసార్లు కేకలేశారో లెక్కలేదు. ఆ కేకలు పడలేకే మానేశాను. ఆరోజు ఆయన మాటే నన్ను ఆదుకుంది.

తకిట తకిట తకధిమి, అన్నిటికన్నా వేగమైన మూడో కాలంలో వేశాను. "ప్రతి అడుగూ వినపడిందాండీ?" అన్నాను.

"వినపడింది."

అదే లెక్కని గిటార్ మీద వాయించాను. ముద్దగా బుస్సుమంది.

మేస్త్రీ గారు తల పక్కకి వంచారు. "ఇంకోసారి కొట్టు" అన్నారు. కొట్టాను. ఆయన మొహం మారిపోయింది. "అట్టా చెప్పవేంటమ్మా! నాలుగు సిలిండర్ల బండి, రెండే పలుకుతన్నాయి" అన్నారు.

ఇక నేను ఏమీ చెప్పక్కర్లేకపోయింది. తాను చుట్టిన తీగని తానే విప్పడానికి కూర్చున్నారు. మొదటి చుట్టు విప్పేటప్పుడు మాత్రం నావైపు చూడలేదు. రెండు కాయిల్స్ లోంచీ సమానంగా రెండేసి వందల చుట్లు తీయడం, టంకం పెట్టడం, బిగించడం, నేను వాయించడం, ఆయన వినడం. ఆరోజు మూడుసార్లు, మర్నాడు ఇంకో మూడుసార్లు. తీసినకొద్దీ దుప్పటి జారుతున్నట్టు దెబ్బలు ఒక్కోటీ బయటపడ్డాయి. పక్క షాపులో లేత్ పట్టే ఆయన మిషను ఆపి వచ్చి, "ఏ బండండీ ఇది, ఇంత నీట్‌గా పలుకుతోంది?" అన్నాడు.

నాలో అత్యాశ మళ్లీ తలెత్తింది, ఈసారి తీసెయ్యడం వైపు. "ఇంకో రెండొందలు తీసెయ్యండి, ఇంకా పదునొస్తుంది" అన్నాను.

"ఇంక ముట్టుకోను. ఇంకోటి తీస్తే కండ పోతది, ఎముకే మిగుల్తది" అన్నారాయన. నేను వాదించాను. ఆయన టంకం తుపాకీ ప్లగ్గు పీకేశారు. ఇప్పటికీ ఆ పికప్ వాయిస్తున్నప్పుడల్లా ఆయన చెప్పిందే నిజమని ఒప్పుకుంటాను.

చివరగా, యాంప్ పెంచితే ఈల వెయ్యకుండా కాయిల్‌ని మైనంలో ముంచాలని చదివానంటే, జన్మంతా వార్నిష్ తప్ప ముట్టని మనిషి నా మాట మీద కొవ్వొత్తులు కరిగించి ముంచారు.

ఆదివారం వచ్చింది. సీనియర్ ముందు వాయించాడు. అబద్ధం ఎందుకు, అతని వేళ్లు నావాటికన్నా వేగం. కానీ అతనూ పెడల్‌ని చివరికంటా తిప్పాడు. మూడు వారాల కింద నేనెలా ఉన్నానో అక్కడ నిలబడి విన్నాను.

నేను పెడల్‌ని సగానికి తగ్గించాను. పాడేవాడు అది చూసి పెదవి విరిచాడు. అరచెయ్యి తీగల మీద ఆనించి మొదలుపెట్టాను. రేకులు అదిరాయి. టక్కుమని పడ్డ దెబ్బ అక్కడితో తెగి, దాని వెనకే ఇంకోటి, దాని వెనకే ఇంకోటి, మధ్యలో చీమ తలంత ఖాళీ కూడా వినపడేలా పడ్డాయి. నాలుగు వరసలు దాటకముందే డ్రమ్మర్ ఆగలేక కర్రలు అందుకున్నాడు. వాడి కాలూ నా చెయ్యీ ఒకే మనిషివైపోయాయి. నాకు గొంతులోంచి కేక వచ్చింది. మెటల్ వాయించేవాళ్లు కేక పెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

పాట ఆగింది. సీనియరే ముందుకొచ్చి నా గిటార్ మీదకి వంగాడు.

"ఏ పికప్ ఇది? ఏ దేశం?"

"ఆటోనగర్" అన్నాను.

పాడేవాడివైపు తిరిగి, "కీబోర్డ్ నువ్వే చూసుకుందువుగాని" అని కూడా అన్నాను. మానుకుని ఉండొచ్చు. కానీ ఆ మాట మూడు వారాల నుంచి నా నోట్లో ఉంది. వాడు నవ్వేసి, "లీడ్ నీదే తల్లీ" అన్నాడు.

అక్కణ్నుంచి నేరుగా ఆటోనగర్ వెళ్లాను. గెలిచామని చెప్పాను. మేస్త్రీ గారు లేత్ షాపాయన్ని కేకేసి టీ తెప్పించారు. టీ తాగాక సొరుగు తీసి ఒక అగ్గిపెట్టె నా చేతిలో పెట్టారు. దాని చుట్టూ రాగి తీగ, మెరుస్తూ, ఒక్క పోగూ చెదరకుండా చుట్టి ఉంది. నా కాయిల్స్ లోంచి తీసిందంతా ఆయన ఒక్క ముక్క పారెయ్యకుండా దాచి, కూర్చుని మళ్లీ చుట్టారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"నీ కొసరు. ఒకసారి ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదమ్మా" అన్నారు.

ఫెస్ట్ రోజు స్టేజీ మీద అది నా ప్యాంటు జేబులోనే ఉంది. మూడో వరసలో నాన్న పక్కన కూర్చున్న మేస్త్రీ గారు తల పక్కకి వంచి వింటున్నారు. నేను మొదటి దెబ్బ కొట్టాను.