విజేందర్ పాతిన ఎర్రగుడ్డ కర్రలు

మా ఊళ్ళో మాటల్లేని సినిమాలు తీసే విజేందర్‌ను అందరికంటే ముందు అనుమానించింది నేనే. జడ్చర్ల రోడ్డు మీద చాయ్ హోటల్ నడుపుతూ రకరకాల మనుషులను చూశాను. నాకు ఎవరినీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

అతనిది అమ్రాబాద్ అవతల అడవి పక్క ఊరు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా ఊరికొచ్చి, కిరాయి గదిలో దిగి, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. ఒంటి మనిషి. ఎవరితోనూ పేచీ లేదు. అదే నాకు నచ్చలేదు. ఎవరితోనూ పేచీ లేనివాడు ఏదో దాస్తున్నాడనే నా లెక్క.

ఒకసారి చాయ్ తాగుతూ తన సంగతి చెప్పాడు. తాను తీసిన ఒక పెళ్ళి వీడియోను వాళ్ళ అవ్వకు చూపించాడట. ఆమెకు పుట్టు చెవుడు. పాటలూ బాజాలూ వినపడవు గనుక మనుషుల మొహాలు, చేతులు మాత్రమే చూసింది. పెళ్ళికూతురికి ఇష్టం లేదని సైగ చేసిందట. ఆర్నెల్లకే ఆ పిల్ల పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటి నుంచి అవ్వ కోసమని మాటల్లేని సినిమాలు మొదలుపెట్టాడు. మా ఊరివాళ్ళతోనే, ఫోన్‌తోనే నాలుగు తీశాడు. రెండోదానికి మహబూబ్‌నగర్‌లో ఏదో పోటీలో బహుమతి కూడా వచ్చింది. నేను మాత్రం ఆ అవ్వ కథ సగమే నమ్మాను.

అయిదోదానికి గొర్రెలు మేపే పెద్దులును వేషం వెయ్యమన్నాడు. పెద్దులుకు ఉన్నది సర్కారు ఇచ్చిన రెండెకరాల లావణి పట్టా భూమి. ఆయనకూ గొర్రెలకూ అదే ఆధారం. మా వైపు భూములు ఏదో కంపెనీకి పోతాయని అప్పుడే పుకారు లేచింది. జడ్చర్లలో కారు నడిపే నా కొడుకు నవీన్‌కుమారే ఆ మాట మోసుకొచ్చాడు. లావణి భూమిని సర్కారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి ముందు పోయేది పెద్దులుదేనని కూడా అన్నాడు. సరిగ్గా ఆ వారమే పెద్దులు చేలో నాలుగు దిక్కులా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు కనిపించాయి.

సర్వేవాళ్ళు హద్దులకు పాతేవి అలాంటివే. విజేందర్ పాతుతుంటే కళ్ళారా చూసి ఊరంతా చాటాను. పదిమందిమి వెళ్ళి కర్రలు పీకేశాం. పెద్దులు నడుస్తూ నడుస్తూ ఫోన్‌కు కనపడకుండా పక్కకు పోతున్నాడని, ఎక్కడిదాకా నడవాలో తెలియడానికే పాతానని విజేందర్ చెప్పుకున్నాడు. మేమెవరం నమ్మలేదు. మేం పీకిన కర్రలకేసి చూస్తూ పెద్దులు నిలబడిపోయాడు. ఆయన్ని చూసి నాకు ఒళ్ళు మండి విజేందర్ చేతిలోని ఫోన్ లాక్కున్నాను.

"సైదమ్మక్కా, ఫోన్ ఇటియ్యి. అండ్ల నువ్వు చూసేదేం లేదు," అన్నాడు. నా చేతిలోంచి గుంజుకోబోయాడు. ఇక దొంగ దొరికినట్టేనని సంబరపడ్డాను.

పంచాయతీ అరుగు మీద అందరి ముందు వీడియో పెట్టించాను. పెద్దులు నడుస్తున్నాడు, వెంట గొర్రెలు. వెనక గట్టు దగ్గర ఒక తెల్లకారు ఆగింది. ఇద్దరు కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళ వెనకే దిగిన మూడోవాడు చెయ్యి చాపి ఈ మూల నుంచి ఆ మూలదాకా భూమి చూపించాడు. కొత్తవాళ్ళలో ఒకడు వాడి భుజం తట్టాడు. ఆ మూడోవాడి మొహం తెలియాలని నేనే వేళ్ళతో బొమ్మను పెద్దది చేశాను.

నా కొడుకు.

విజేందర్ తల దించుకుని మెల్లగా అన్నాడు. "పెద్దులుకు ఒక్కనికే చూపెడదామనుకున్న అక్కా. నీ ముంగట గాదు."

తర్వాత ఊరంతా కలిసి అర్జీ పెట్టుకుంది. భూమి ఇప్పటికీ పెద్దులు చేతిలోనే ఉంది. నవీన్ ఊరికి రావడం మానేశాడు. విజేందర్ ఇక్కడే ఉన్నాడు, తొమ్మిదో సినిమా తీస్తున్నాడు. రోజూ నా దగ్గరే చాయ్ తాగుతాడు. అతనికి గ్లాసు అందించేటప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను. మిగతావాళ్ళు నన్ను చూడగానే మాట ఆపేస్తారు. కొడుకు చేసిన పని నాకు ముందే తెలుసని, అందుకే నేరం విజేందర్ మీదకు నెట్టానని వాళ్ళ అనుమానం. ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరు. వాళ్ళ జాగాలో నేనున్నా నమ్మను.