నిప్పు నోట్లో దాచుకున్న మనిషి

మా అత్తగారు రెండు వారాల కిందట మంగళవారం పొద్దున్న పోయారు. నేను నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మా జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మామ్మ లేవట్లేదు. బేగి రా" అంది. వెళ్లేసరికి అది మామ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. దగ్గరికి తీసుకోబోతే నన్ను విదిలించుకుని మళ్లీ మామ్మ పక్కనే ఒరిగింది. ఏమైనా అనుకోండి, నిజం చెప్పేస్తాను. ఏడుపు కంటే ముందు నాకు కుళ్లు పుట్టింది. పోయిన మనిషి మీద కుళ్లేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా పోలేదు.

మా అత్తగారు ఒకప్పుడు అడ్డపొగ తాగేవారు. మావైపు ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. కొత్త కోడలిగా అది చూసి నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత కొన్నేళ్లకు అంగిట్లో తెల్లమచ్చ లేచింది. డాక్టరు గట్టిగా కేకలేస్తే మానేశారు. చుట్ట మీదికి మనసు పోయినప్పుడల్లా వేయించిన చింతపిక్క ఒకటి బుగ్గన పెట్టుకునేవారు. కొంగున ఎప్పుడూ నాలుగు పిక్కలు ముడేసి ఉండేవి. చుట్ట మానేశారు గానీ నా పులుసుకు వంకలు పెట్టడం మాత్రం మానలేదు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. పోయిన కార్తీకంలో దాని సంచిలో వేలెడంత గులాబీరంగు వస్తువు కనబడింది. "చిన్న పవర్ బ్యాంకమ్మా" అంది. రోజంతా కంప్యూటర్ల మధ్య బతికేదాన్ని, నాకు తెలియనిదేముంది! పరీక్ష రోజు అందులో చార్జింగ్ లేదని నేనే ప్లగ్గులో పెట్టి, నిండాక సంచిలో వేసి పంపాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కనిపెట్టింది మా అత్తగారు. ఫోన్ ఎత్తడం కూడా రాని మనిషి.

"కార్తీకంలో మావిడిపండు వాసనేటే?" అన్నారు నాతో. "గుంట మాటిమాటికీ పెరట్లోకెల్తంది. వచ్చి నోరు కడుక్కుంటంది. సిన్న మాటకే సిరాకు పడతంది. సుట్ట దొరక్కపోతే నానూ అలాగే ఉండేదాన్ని. అది పొగేనే."

నిలదీస్తే ఒప్పుకుంది. ఆ గులాబీరంగుదాన్ని వేప్ అంటారట, కరెంటుతో వేడెక్కించి పొగ పీల్చేది. మామిడిపండు వాసన వేసిన నికొటిన్. తోటిపిల్ల ఒకతి ఇచ్చిందట. చెంప మీద ఒకటిచ్చాను. ఫోన్ లాక్కున్నాను. ఆరోజు నుంచి పొద్దునా సాయంత్రం సంచి వెతకడం మొదలుపెట్టాను. అది నాతో మాట్లాడడం మానేసింది. వారం తిరక్కుండానే ఇంకొకటి దొరికింది, రికార్డు పుస్తకం అట్ట వెనక.

మా అత్తగారు నన్ను వంటింట్లో కూర్చోబెట్టారు. "మా అత్త నా సుట్టలన్నీ పొయ్యిలో పారేసింది. మానేసేనేటి? నిప్పు నోట్లో పెట్టుకుంటే ఎవలికీ కనబడదని నేర్సుకున్నాను. కొడితే మానరే అమ్మా, దాయడం నేర్సుకుంటారు."

ఆ సాయంత్రం పెరట్లో వాళ్లిద్దరూ కూర్చున్నారు. నేను కిటికీలోంచి చూశాను, ఇందులో దాపరికమేముంది. మా అత్తగారు వెలుతురు వైపు తిరిగి నోరు తెరిచి, "సూడు, బాగా సూడు. పద్దెనిమిదో ఏట మొదలెట్టినాను" అన్నారు. అమ్మాయి ఆ అంగిలి వంక చూసి చూసి, ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఆ నోరు మా అత్తగారు డాక్టరుకు తప్ప ఎవరికీ చూపించలేదు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన నాకు కూడా.

మర్నాడు "నా నోరు సూపించుకోవాల, తోడు రాయే" అని దాన్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పిల్లకు నామోషీ కాకుండా తన నోటిని సాకు పెట్టుకున్నారు. దగ్గు, ఆయాసం, మానితే వచ్చే చిరాకు, అన్నీ డాక్టరు దానితోనే మాట్లాడారట. ఇద్దరూ బెల్లం జీళ్లు తింటూ నవ్వుకుంటూ దిగారు. నాకొక్క జీడి కూడా మిగల్చలేదు.

ఉండబట్టలేక అడిగేశాను. "కన్నదాన్ని నానుండగా నీకెందుకు సెప్తాదత్తా?"

"నీకు సెప్తే నువ్వు ముందే నోరెత్తుతావు. లేకపోతే ఏడుస్తావు. నిన్నోదార్సే ఓపిక ఆ గుంటకేదే?"

మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం నా పులుసులో ఉప్పు తక్కువైందని చెబుతూనే ఉన్నారు.

తర్వాత కూడా అమ్మాయి రెండుసార్లు జారింది. రెండుసార్లూ మామ్మకే చెప్పుకుంది. నాకు ఏ కబురైనా ఆవిడ ద్వారానే. ఇప్పుడు ఆవిడ పోయారు. ఇంక అది ఎవరికి చెప్పుకుంటుంది? ఈ పదిరోజులూ నన్ను తినేసిన బెంగ అదే.

పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మాయి కాలేజీకి తయారైంది. చెయ్యి ఊరుకోదు కదా, సంచిలో పెట్టాను. చేతికి చిన్న మూట తగిలింది. మామ్మ నీలం చీర కొంగు ముక్క. విప్పితే చింతపిక్కలు.

తలెత్తితే గుమ్మంలో అమ్మాయి. అరుస్తుందనుకున్నాను. వచ్చి ఒక పిక్క తీసుకుంది, ఇంకొకటి నాకు అందించింది.

"నీక్కూడా ఇమ్మంది మామ్మ. సంచీ ఎతకాలని మనసు పోయినప్పుడల్లా బుగ్గన పెట్టుకోవాలంట."

ఒళ్లు మండింది. పోతూ పోతూ కూడా నాకు వంక పెట్టింది మహాతల్లి! అయినా నోట్లో వేసుకున్నాను. రాయిలా ఉంది. కొరకడానికి లేదు, మింగడానికి లేదు.

అమ్మాయి వంగి చెప్పుల పట్టీ బిగించుకుంటూ, నా వైపు చూడకుండా, "అమ్మా" అంది. "నిన్న మళ్లీ తాగాలనిపించింది. తాగలేదు."

వంద ప్రశ్నలు గొంతు దాకా వచ్చాయి. నోట్లో పిక్క అడ్డం ఉంది. అమ్మాయి రెండో పట్టీ బిగించుకుని, గుమ్మం మీద కూలబడి, మిగతాది చెప్పడం మొదలుపెట్టింది.